చుట్టం వంతు

కాకినాడలో ఇప్పుడు ఇద్దరు ఎదురుపడితే "బాగున్నారా?" అని అడగడం లేదు. "పెట్టె వచ్చిందా?" అంటున్నారు. వచ్చిందంటే బాగున్నట్టే. 2081లో క్షేమసమాచారాలన్నీ ఆ ఒక్క ప్రశ్నలో సర్దుకుపోయాయి.

ఆ పెట్టె పేరు మితపేటిక. పొద్దున్నే డ్రోన్ తెచ్చి బాల్కనీ అరలో పెట్టి పోతుంది. మూత తీస్తే ఆ రోజు వంటకి కావలసినవన్నీ విడివిడిగా ఉంటాయి. మనిషికి ఇన్ని గ్రాములని తూచిన బియ్యం, కడిగి తరిగిన వంకాయ ముక్కలు, రెండు చెంచాల చింతపండు రసం, పోపుకి ఆవాలు, ఎండుమిరపకాయ, చివరికి కరివేపాకు కూడా రెబ్బ లెక్కన. పద్నాలుగు నిమిషాల్లో వంట అయిపోతుంది. తిన్నాక గిన్నెలో మెతుకు మిగలదు. అలా మిగలకపోవడమే దాని గొప్ప.

ఆ గొప్పతనం కనిపెట్టినావిడ జోషిత. యాభై తొమ్మిదేళ్ళావిడ. ఆశ్చర్యపోకండి, ఇప్పటి పెద్దవాళ్ళ పేర్లు ఇలాగే ఉంటున్నాయి. జోషితలూ, హన్వికలూ, రిత్విక్‌లూ మోకాళ్ళకి తైలాలు రాసుకుంటున్నారు. పాతికేళ్ళవాళ్ళేమో అప్పలస్వాములూ సూరమ్మలూను. పాత పేర్లు మళ్ళీ ఫ్యాషనైపోయాయి.

జోషిత రాకముందు ఇలాంటి పెట్టెలు ఉన్నవాళ్ళ సరదా. మామూలు సంసారులు దాని ధర చూసి, ఏ పుట్టినరోజుకో ఒకసారి తెప్పించుకుని ముచ్చట తీర్చుకునేవారు. ధరలో సగం భయానిదేనని మొదట పసిగట్టింది జోషితే. చాలదేమోనన్న భయంతో కంపెనీ ఎక్కువ పండించేది, ఎక్కువ తరిగేది. చాలదేమోనన్న భయంతో ఇంటివాళ్ళు ఎక్కువ తెప్పించుకునేవారు. ఆ ఎక్కువంతా చెత్తబుట్టలోకే పోయేది. అప్పుడామె ఆకలిమాపకాన్ని తయారుచేసింది. అది మణికట్టుకి కట్టుకునే పట్టీ. నాడినీ, రక్తంలో చక్కెరనీ చూసి రేపు ఈ మనిషికి ఎంత ఆకలేస్తుందో ఈరోజే చెబుతుంది. ఎంత ఆకలో అంతే పండించారు, అంతే పంపారు. రెండేళ్ళు తిరిగేసరికి పెట్టె ధర సగానికి పడింది. ట్రామ్ డ్రైవర్లూ, టైలర్లూ, బడిపంతుళ్ళూ కొనగలిగారు. హార్బరు వీధుల్లో రొయ్యలు వలుచుకుని బతికేవాళ్ళ కోసం సాదా పెట్టె వచ్చింది. దాని ఖర్చులో కొంత ఉమ్మడి నిధి భరిస్తుంది.

ఇంత చేసినావిడ ఒంటరిగా ఒక టవర్‌లో పంతొమ్మిదో అంతస్తులో ఉంటుంది. ఆ ఇంట్లోకి దిగి పదకొండేళ్ళు. ఈ పదకొండేళ్ళలో ఆమె ఇంట్లో ఇంకొకరు చెయ్యి కడుక్కోలేదు, ఆమె ఇంకొకరింట్లో విస్తరి ముందు కూర్చోలేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. "భోంచేసి వెళ్ళండి" అన్న మాటే ఊళ్ళో వాడుక తప్పిపోయింది. ఇంట్లో లేనిదాన్ని పెడతానని ఎవరంటారు? పన్నెండున్నర అయ్యేసరికి ఎవరింటికి వెళ్ళినవాళ్ళయినా లేచి చెప్పులు వెతుక్కుంటారు. జోషిత మాత్రం తన కంచం ముందు కూర్చున్నప్పుడల్లా "ఇంకొంచెం వేసుకో" అనే గొంతు కోసం అలమటించేది. బయటికి ఎవరితోనూ అనలేదు. తాను చేసిన పెట్టె మీద తానే ఎవరికి చెప్పుకుంటుంది?

ఒక సోమవారం పొద్దున ఆమె, ఊరి పెట్టెలన్నీ తూచి పంపే తూకశాలకి వెళ్ళేసరికి మితి ఆమె కోసమే కాచుకుని ఉంది. మితి అంటే ఊరందరి ఆకలినీ లెక్కగట్టే యంత్రం. దాని గొంతు స్పష్టంగా, తీరుబడిగా ఉంటుంది.

"జోషిత గారూ, ముసలివాళ్ళు పెరిగారు," అంది మితి.

"ఎంతమంది?"

"ఆరేళ్ళలో ఎనిమిదివేల నాలుగువందల పన్నెండు మంది కొత్తగా చేరారు. అందరి నాడీ మెత్తగా, కాస్త ఆలస్యంగా కొట్టుకుంటోంది. అంటే డెబ్బై అయిదు దాటినవాళ్ళు. వాళ్ళలో ఒక్కరికీ ఇంతవరకూ జ్వరం రాలేదు. ఒక్కరూ చనిపోలేదు."

పక్క బల్ల దగ్గరున్న అప్పలస్వామి తలెత్తాడు. జోషిత దగ్గర పనిచేసే కుర్ర శాస్త్రవేత్త అతను. హార్బరు వీధిలో పుట్టి పెరిగాడు, వాళ్ళమ్మ ఇప్పటికీ రొయ్యల షెడ్డుకి వెళ్తుంది.

"చావులేని ముసలాళ్ళాండీ? మన కాకినాడ నీళ్ళు అంత మంచియని నాకు తెలీదు మేడమ్," అన్నాడు.

నవ్వాడే గానీ ఆ నవ్వు నిలవలేదు. పెద్దవాళ్ళకి పెట్టె సగం ధరకే ఇస్తారు. మిగతా సగం ఉమ్మడి నిధి నుంచి వస్తుంది. సాదా పెట్టెలకి సాయం చేసేదీ ఆ నిధే. ముసలివాళ్ళు పెరిగినకొద్దీ నిధి తరిగిపోయింది. శుక్రవారం ధరల మండలి కూర్చుంటుంది. నిధి గీత కిందికి దిగితే సాదా పెట్టె ఆపేస్తారు. అంటే హార్బరు వీధుల్లో నలభైవేల ఇళ్ళు.

"మా అమ్మకి సెప్పలేదండి ఇంకా," అన్నాడు అప్పలస్వామి. "సెప్తే ఇప్పట్నుంచే ఒక పూట మానేస్తాది. అలవాటు చేసుకోవాలంటాది."

జోషిత ఆ ముసలివాళ్ళ పేర్ల పట్టిక తీసుకుని, దాంట్లో మొదటి చిరునామాకి బయల్దేరింది.

ఆ ఇల్లు హన్వికమ్మది. డెబ్బై రెండేళ్ళావిడ. భర్త రిత్విక్ గారు ట్రామ్ నడిపి రిటైరయ్యారు. పట్టికలో వాళ్ళతోపాటు మూడో మనిషి ఉన్నారు: మేనత్త, వయసు తొంభై ఏడు. జోషిత వెళ్ళేసరికి పన్నెండు దాటింది. హన్వికమ్మ తలుపు తీసి, తూకశాల బిళ్ళ చూసి, చెమట తుడుచుకుంది.

"అత్తయ్యగారిని ఒకసారి చూడాలండి," అంది జోషిత.

"పడుకున్నారండి."

"లేచేదాకా ఉంటాను."

"ఆవిడ లేవరండి. అంటే, లేస్తారు, కానీ ఎవరితోనూ మాట్లాడరు. చెవుడండి." హన్వికమ్మ భర్త వంక చూసింది. ఆయన గభాలున పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. అబద్ధం చెప్పడం ఆయన ఒంటికి పడదని ఆ పేపరు తలకిందులుగా ఉండటమే చెప్పింది.

జోషిత లోపలి గది వైపు చూసింది. మంచం మీద ఇస్త్రీ బట్టలు మాత్రం ఉన్నాయి. భోజనాల బల్ల మీద మూడు కంచాలు బోర్లించి ఉన్నాయి. హన్వికమ్మ చీర కుచ్చిళ్ళ కింద, కుడి చీలమండకి, పచ్చగా మిణుకుమంటూ ఒక పట్టీ.

గుండెకి దూరంగా ఉన్న చోట నాడి కాస్త ఆలస్యంగా, మెత్తగా అందుతుంది. యంత్రం దాన్ని వయసనుకుంది. జోషితకి అర్థమైపోయింది. ఆమె చూపు ఎక్కడుందో హన్వికమ్మకీ అర్థమైంది. ఆవిడ కుర్చీలో కూలబడింది.

"కావాలని చేసింది కాదండి, నమ్మండి," అంది. "ఆరేళ్ళ కింద మణికట్టు దురద పెడతా ఉంటే, ఇంట్లో రెండో పట్టీ ఉంటే కాలికి కట్టుకున్నానండి. చేతిది తీయడం మర్చిపోయాను. రెండోనాడు పెట్టె అడిగిందండి, ఇంట్లో ఇంకొకరు చేరారా, పెద్దావిడా, మేనత్తగారా అని. అంత మర్యాదగా అడిగితే కాదని ఎలా అంటామండి? నోరు ఊరుకోకుండా 'ఆయ్' అనేసింది."

జోషితకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. గోదావరి జిల్లాల్లో 'ఆయ్' అంటే అవునని కాదు, వింటున్నానని, మీ మాటకి విలువిస్తున్నానని. ఆ సంగతి మితికి ఎవరూ నేర్పలేదు. మర్యాదగా ఏదడిగినా ఊరు ఊరంతా 'ఆయ్' అంటుంది. పట్టీ దురద ఒక్క హన్వికమ్మకే వచ్చిందా ఏమిటి?

"పొరపాటైతే చెప్పేయవచ్చు కదండీ. ఆరేళ్ళు ఉంచుకున్నారేం?"

ఈసారి జవాబు పేపరు వెనక నుంచి వచ్చింది.

"ఎవరైనా వస్తే ఉంటుంది కదాని," అన్నారు రిత్విక్ గారు.

"వచ్చారా ఎవరైనా?"

"రాలేదండి," అంది హన్వికమ్మ. "రోజూ వండుతానండి. ఒంటిగంటన్నర దాకా చూస్తాం. ఆ తరవాత చెరిసగం చేసుకుని తినేస్తాం. దాని సగం ధర కోసం ఈయన సాయంత్రం సముద్రం దాకా ట్రామ్ ఎక్కడం మానేశారు. నడిచే వెళ్తున్నారు."

"మరి మీరే ఎవరింటికైనా వెళ్ళకపోయారా?"

"అదేం మాటండీ! వాళ్ళ దగ్గర కొలిచి పెట్టిందే కదా ఉండేది. భోజనం వేళకి మనం పోతే వాళ్ళ నోటి దగ్గరిది లాక్కున్నట్టు కాదా?"

గోడ గడియారం ఒంటిగంట కొట్టింది. హన్వికమ్మ లేచి, అలవాటుగా మూడు కంచాలూ తిప్పి పెట్టింది. మూడోదాని ముందు చెయ్యి ఆగిపోయింది. జోషిత వైపు చూసింది. నేరం పట్టుబడ్డ మనిషి మొహంలో అంత ఆశ ఉంటుందని జోషిత ఎప్పుడూ అనుకోలేదు.

"ఎలాగూ వచ్చారు. భోంచేసి వెళ్ళండి," అంది హన్వికమ్మ.

తనిఖీకి వచ్చిన అధికారి చెయ్యకూడని పనే అది. జోషిత చేతులు కడుక్కుని కూర్చుంది. వంకాయ కూర, మామిడికాయ పప్పు. అదే తూకశాల పప్పు, రోజూ తాను తినేదే. గ్రాములు కూడా కంఠతా వచ్చు. నాలుగు ముద్దలు తిన్నదో లేదో హన్వికమ్మ గరిటెతో పైకొచ్చింది.

"చాలండి."

"చాలేంటండీ, పిట్టకి పెట్టినట్టు వేస్తే! మొహమాటపడకండి. ఇంకొంచెం వేసుకోండి," అంటూ తన గిన్నెలోది వేసేసింది.

జోషిత తల వంచుకుని తిన్నది. కళ్ళు నిండిపోయాయి. పప్పులో కారం ఎక్కువైందని చెప్పింది. కారం కూడా తూకశాలదే కాబట్టి ఆ మాట ఎవరూ నమ్మలేదు, అయినా హన్వికమ్మ మంచినీళ్ళ గ్లాసు దగ్గరికి జరిపింది.

బయటికొచ్చి పక్క ఫ్లాట్ బెల్ కొట్టింది. పట్టికలో రెండో చిరునామా అది. రిటైరైన లెక్కల మాస్టారు, ఒక్కరే ఉంటారు. బల్ల మీద రెండు కంచాలు. కాలికి పట్టీ. ఆయనా అవే మాటలు చెప్పారు, కాకపోతే లెక్కల మాస్టారు కాబట్టి రెండువేల నూటతొంభై మధ్యాహ్నాలు ఎదురుచూశానని తేల్చి చెప్పారు.

"పక్కింటివాళ్ళని పిలవకపోయారా మాస్టారూ? నాలుగడుగులు లేదు."

"పిలిస్తే ఎలా వస్తారమ్మా? నా దగ్గర ఎక్కడిదని అనుకుంటారు కదా. ఉందని చెప్తే ఎలా ఉందో చెప్పాలి. చెప్తే మీరొస్తారు."

ఒకే గోడకి అటూ ఇటూ, ఒకే వేళకి, అటువాళ్ళు ఇటువాళ్ళ కోసమూ, ఇటువాళ్ళు అటువాళ్ళ కోసమూ వండి పెట్టుకుని ఆరేళ్ళుగా కూర్చున్నారు. ఊళ్ళో ఇలాంటి కంచాలు ఎనిమిదివేల పైచిలుకు. జోషిత ఆ వరండాలో చాలాసేపు కదలలేకపోయింది.

మర్నాడు ఆమె, మితి, అప్పలస్వామి కూర్చుని ఒక ఉపాయం ఆలోచించారు. దానికి వంతుబదిలీ అని పేరు కూడా పెట్టారు. ఎవరైనా ఎవరింటికైనా భోజనానికి వెళ్ళవచ్చు. ముందురోజు చెబితే చాలు, వాళ్ళ వంతు ఆ ఇంటి పెట్టెలోకి మారుతుంది. ఎక్కువ పండించక్కర్లేదు, నిధికి భారం లేదు. లెక్కకి ఎక్కడా వంక పెట్టలేం. జోషిత ఉత్సాహంగా వెళ్ళి మొదట హన్వికమ్మకే చెప్పింది.

హన్వికమ్మ ఓపిగ్గా అంతా వింది. "ఆయ్" అంది. తరవాత అసలు మాట అంది.

"మీ బియ్యం మీరు పంపించుకుని, మా పొయ్యి మీద ఉడికించుకుని తింటే మీరు చుట్టమెలా అవుతారండీ? మేము పెట్టినట్టెలా అవుద్ది? మేమేమన్నా హోటలు నడుపుతున్నామా?"

జోషిత దాచడం చేతకాక, హార్బరు వీధుల సంగతి మొత్తం చెప్పేసింది. శుక్రవారం మండలి, నలభైవేల ఇళ్ళు, రొయ్యల షెడ్డుకి వెళ్ళే అప్పలస్వామి తల్లి, అన్నీ. ఈ మూడో కంచం ఎవరి కంచంలోంచి వస్తోందో ఆ దంపతులకి అప్పటిదాకా తెలియదు.

రిత్విక్ గారు కిందకి వంగి, భార్య చీలమండ నుంచి పట్టీ విప్పారు. ఆరేళ్ళ పట్టీ కింద చర్మం తెల్లగా గీతలా ఉంది. హన్వికమ్మ దాన్ని చీర చెంగుతో తుడిచి జోషిత చేతిలో పెట్టింది.

"ముందే చెప్పాల్సిందమ్మా. చంటిపిల్లల కూడు మాకెందుకు?" అంది. తూకశాల అధికారిని ఆమె "అమ్మా" అనడం అదే మొదలు.

ఆ సాయంత్రం జోషిత తన మాటల్లోనే ఒక చీటీ రాసింది. ఎవరి పేరూ ఎత్తలేదు, ఎవరికీ శిక్ష లేదంది. ఉన్నదున్నట్టు చెప్పింది. మర్నాడు ప్రతి పెట్టెలోనూ ఆ చీటీ వెళ్ళింది. టవర్ల కింద పెట్టించిన తొట్లలో పట్టీలు పడటం మొదలైంది. ఒకరినొకరు చూసుకోకుండా వచ్చి, వేసేసి, తల దించుకుని పోయేవారు. శుక్రవారం పొద్దుటికి ఎనిమిదివేల నాలుగువందల తొమ్మిది పట్టీలు వెనక్కొచ్చాయి. మిగిలిన ముగ్గురూ నిజంగానే ముసలివాళ్ళని తేలింది.

నిధి నిలబడింది. సాదా పెట్టె ఆగలేదు. అప్పలస్వామి వాళ్ళమ్మ చేసిందని కొబ్బరిలౌజు తెచ్చాడు. పెట్టెలో కొబ్బరి ఇంతేనని తెలిసిన జోషిత అది ఎన్నాళ్ళు దాచి చేసిందో అడగలేదు. మండలివాళ్ళు సన్మానం చేస్తామన్నారు. ఆమె వద్దంది. గెలిచినట్టు ఆమెకి అనిపించలేదు. ఎనిమిదివేల ఇళ్ళలో మనుషుల్ని తీసేసినట్టే ఉంది.

నెల తిరిగాక ఒకరోజు, పన్నెండు కొట్టే వేళకి, మితి ఆమెని పిలిచింది.

"నా లెక్క తప్పుతోంది జోషిత గారూ."

అప్పటిదాకా మితి ఆ మాట అన్నది లేదు.

"ఎక్కడ?"

"పట్టీలు వెనక్కిచ్చిన ఇళ్ళన్నిటిలో. ఒక్కొక్కరికి సరిపడా పంపుతున్నాను. కానీ మధ్యాహ్నం ఒంటిగంటకి సగం ఆకలితోనే ఆగిపోతున్నారు. తమ వంతులోంచి పక్కకి తీసి పెడుతున్నారు. ఒంటిగంటన్నర దాటాక అది తింటున్నారు. అటుమొన్న వేయి ఇళ్ళు, మొన్న నాలుగువేలు. నిన్న, చీటీ ముందు రెండో పట్టీ లేని ఇళ్ళు కూడా గుంపుగా చేరాయి. దీనివల్ల ధర పెరగలేదు, నిధి తరగలేదు. కానీ వీళ్ళు రోజూ గంటసేపు కావాలని ఆకలితో కూర్చుంటున్నారు. కారణం నాకు తెలియడం లేదు. వంతు పెంచమంటారా?"

"వద్దు," అంది జోషిత. "అది వాళ్ళ అన్నం. వాళ్ళిష్టం."

"ఈ జాబితాలో మీ ఇల్లు కూడా ఉంది," అంది మితి. "ఇరవై ఆరు రోజుల నుంచి."

జోషిత ముఖం ఎర్రబడింది. యంత్రం ముందు సిగ్గుపడటం ఏమిటని తనని తానే కసురుకుంది. హన్వికమ్మ ఇంట్లో తిని వచ్చిన వారానికే ఆమె రెండు కంచాలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. తన అరవై రెండు గ్రాముల వంతులోంచే రెండోదాంట్లో గుప్పెడు వడ్డిస్తోంది.

"మా ఎదురింట్లో?" అని అడిగింది, ఉండబట్టలేక.

"మోక్షజ్ఞ గారు, వారి అక్కగారు. వారు కూడా తీసి పెడుతున్నారు. నిన్న కూడా."

మోక్షజ్ఞ గారిని జోషిత పదకొండేళ్ళుగా ఎరుగును. లిఫ్టులో కలిస్తే "పెట్టె వచ్చిందా అండి" అంటారు. అంతకు మించి మాట లేదు. జోషిత వెంటనే లేచింది. లోకంలో ఇంకెవరికీ దొరకని భాగ్యం ఇవాళ తనకి దొరికింది. తలుపు అవతల తన కోసం కాకపోయినా ఎవరో ఒకరి కోసం అన్నం ఉందని ఆమెకి రూఢిగా తెలుసు. తెలిసి కూడా ఊరుకునే దద్దమ్మ ఉంటుందా?

ఒంటిగంటకి అయిదు నిమిషాలుండగా పంతొమ్మిదో అంతస్తులో లిఫ్టు దిగింది. జుట్టు సవరించుకుంది. ఎదురింటి తలుపు ముందు నిలబడి బెల్ మీదికి చెయ్యి చాపింది.

లోపల పోపు వాసన. కంచాలు సర్దుతున్న చప్పుడు. ఒకటి, రెండు. కాసేపాగి మూడోది.

వాళ్ళ కడుపు కట్టుకుని తీసి పెట్టింది కదా అది, అనుకుంది జోషిత. చెయ్యి కాస్త కిందికి దిగింది. తూకశాల మనిషిని చూస్తే తనిఖీ అనుకుని బెదురుతారేమో. పదకొండేళ్ళలో ఒక్కనాడు పలకరించని మనిషి ఇవాళ సరిగ్గా భోజనం వేళకి వస్తే ఏమనుకుంటారు? ముందుగా ఒక మాట చెప్పి ఉండాల్సింది. ఏమని చెప్పాలి? మీరు అన్నం తీసి పెడుతున్నారని నాకు తెలుసు అనా? మళ్ళీ చెయ్యెత్తింది. గొంతు సవరించుకుంది, లోపలికి వినపడిందేమోనని భయపడి ఆపేసింది. ఒంటిగంట ఆకలి మొదలైంది. ఆ ఆకలి ఎన్ని గ్రాములో ఆమెకి తెలుసు.

లోపల కుర్చీ జరిగింది. ఆడగొంతు వినిపించింది. అక్కగారిది కాబోలు.

"ఒంటిగంటన్నర అయిందిరా మోక్షా. ఇంకెవరొస్తారు? దా, తినేద్దాం."

జోషిత అప్పటికి ముప్ఫై అయిదు నిమిషాలుగా ఆ తలుపు బయటే నిలబడి ఉంది.